చలన నైపుణ్యాలు

ఒక లక్ష్యాన్ని సాధించడానికి శరీరాన్ని గాని, అందులోని కొన్ని భాగాలను గాని ఉద్దేశపూర్వకంగా, సమన్వయంతో కదిలించగల నేర్పును చలన నైపుణ్యం అంటారు. ఉపాధ్యాయ శిక్షణ గ్రంథాలలో వీటిని చాలక కౌశలాలు అని కూడా వ్యవహరిస్తారు. నడవడం, పరుగెత్తడం, బంతిని పట్టుకోవడం, సైకిలు తొక్కడం, పలకపై అక్షరాలు దిద్దడం, సూదిలో దారం ఎక్కించడం, వాకిట్లో ముగ్గు వేయడం మొదలైనవన్నీ చలన నైపుణ్యాలే. నడక వంటి కొన్నిటికి శరీర పరిపక్వత ప్రధాన ఆధారం. మిగిలినవి చూసి, నేర్చుకొని, సాధన చేసి సంపాదించుకోవలసినవి. భాషకు అక్షరమాల ఎటువంటిదో వ్యాయామ విద్యకు, క్రీడలకు మౌలిక చలన నైపుణ్యాలు అటువంటివి.

నిర్వచనం, లక్షణాలు

శరీరంలో జరిగే ప్రతి కదలికా నైపుణ్యం కాదు. వేడి పాత్ర తగలగానే చేయి వెనక్కు తీసుకోవడం ప్రతీకార చర్య. అది వెన్నుపాము స్థాయిలోనే జరిగిపోతుంది, దానిని ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక కదలికను నైపుణ్యంగా పరిగణించడానికి ఈ క్రింది లక్షణాలు ఉండాలి.

1. దానికి ఒక లక్ష్యం ఉండాలి.
2. అది వ్యక్తి ఇచ్ఛ ప్రకారం జరగాలి.
3. అది అనుభవం వలన, సాధన వలన మెరుగుపడాలి.

నైపుణ్యం పెరుగుతున్నదని చెప్పడానికి మూడు గుర్తులు ఉన్నాయి. కదలికలో కచ్చితత్వం పెరుగుతుంది. ఒకసారి వచ్చిన ఫలితం మళ్ళీ మళ్ళీ వస్తుంది. అదే పనికి పట్టే శ్రమ తగ్గుతుంది. కొత్తగా ఈత నేర్చుకునేవాడు నాలుగు బారలకే అలసిపోతాడు. నేర్చినవాడు అంతే శక్తితో కాలువ దాటుతాడు.

నైపుణ్యం వేరు, సహజ సామర్థ్యం వేరు. ఎత్తు, కీళ్ళ వంపు, స్పందించే వేగం వంటివి చాలావరకు పుట్టుకతో వచ్చే సామర్థ్యాలు. వాటిని ఆధారం చేసుకొని నేర్చుకొనేది నైపుణ్యం. అలాగే ఒకనాటి ప్రదర్శన వేరు, నేర్చుకోవడం వేరు. ఈరోజు పది బంతులలో ఎనిమిది పట్టుకున్న విద్యార్థి వారం తరువాత కూడా పట్టగలిగితేనే నేర్చుకున్నట్లు భావించాలి.

వర్గీకరణ

చలన నైపుణ్యాలను పలు విధాలుగా వర్గీకరిస్తారు.

స్థూల, సూక్ష్మ నైపుణ్యాలు: కాళ్ళు, చేతులు, మొండెంలోని పెద్ద కండరాలతో చేసేవి స్థూల నైపుణ్యాలు. పరుగు, దూకడం, ఈత ఇందుకు ఉదాహరణలు. వేళ్ళు, మణికట్టు వంటి భాగాలలోని చిన్న కండరాలతో చేసేవి సూక్ష్మ నైపుణ్యాలు. వ్రాయడం, కుట్టుపని, వీణ వాయించడం ఈ కోవకు చెందుతాయి. ఈ రెండూ పూర్తిగా వేర్వేరు కావు. వెన్ను నిటారుగా నిలిపి, భుజాన్ని స్థిరంగా ఉంచుకోలేని బాలుడు పెన్సిలును కూడా సరిగా నడపలేడు.

విడి, వరుస, నిరంతర నైపుణ్యాలు: ఆది, అంతం స్పష్టంగా ఉన్నవి విడి నైపుణ్యాలు. ఉదాహరణకు బంతిని తన్నడం. అటువంటివి కొన్ని ఒక క్రమంలో కూడితే వరుస నైపుణ్యం. ఉదాహరణకు పరుగెత్తి వచ్చి, పలక మీద కాలు మోపి, ఎగిరి, ఇసుకలో దిగే లాంగ్ జంప్. ఆది, అంతం నిర్దిష్టంగా లేక సాగిపోయేవి నిరంతర నైపుణ్యాలు. సైకిలు తొక్కడం, ఈదడం ఇటువంటివి.

మూసిన, తెరిచిన నైపుణ్యాలు: ఈ భేదాన్ని 1957లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త పౌల్టన్ ప్రతిపాదించాడు. పరిసరాలు మారకుండా ఉండి, ఎప్పుడు మొదలుపెట్టాలో చేసేవారే నిర్ణయించుకోగలిగితే అది మూసిన నైపుణ్యం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. వెయిట్ లిఫ్టింగ్ మూసిన నైపుణ్యానికి చక్కని ఉదాహరణ. ఇనుప కడ్డీ కదలదు, ఎదురుదాడి చేయదు. పరిసరాలు క్షణక్షణం మారుతూ ఉంటే అది తెరిచిన నైపుణ్యం. 2016 రియో ఒలింపిక్స్‌లో రజత పతకం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్య పతకం పొందిన పి.వి.సింధు ఆడే బ్యాడ్మింటన్ ఇటువంటిది. ప్రత్యర్థి కదలికను బట్టి తన కదలికను అప్పటికప్పుడు మార్చుకోవాలి. కబడ్డీ, ఖోఖో, రద్దీ వీధిలో సైకిలు నడపడం కూడా తెరిచిన నైపుణ్యాలే.

ఈ భేదం బోధనకు చాలా అవసరం. మూసిన నైపుణ్యానికి ఒకే పద్ధతిని స్థిరపరచడం ముఖ్యం. తెరిచిన నైపుణ్యానికి రకరకాల పరిస్థితులలో సాధన ముఖ్యం.

చలనం జరిగే తీరు

పెద్దవారి శరీరంలో 206 ఎముకలు, 600కు పైగా అస్థి కండరాలు ఉంటాయి. కండరం ఎముకను లాగగలదే కాని నెట్టలేదు. అందువలన కండరాలు జంటలుగా పనిచేస్తాయి. మోచేతిని మడిచేటప్పుడు ముందువైపు కండరం సంకోచిస్తే వెనుకవైపు కండరం సడలుతుంది, చాచేటప్పుడు ఇది తారుమారవుతుంది. కొత్తగా నేర్చుకొనేవారిలో ఈ రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. కదలిక మొరటుగా కనిపించడానికి, త్వరగా అలసట రావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కదలికను నడిపించడంలో నాడీ వ్యవస్థలోని పలు భాగాలు పాలుపంచుకుంటాయి.

- మస్తిష్క వల్కలంలోని చాలక ప్రాంతం కండరాలకు ఆదేశాలను పంపుతుంది. చేతి వేళ్ళకు, పెదవులకు, నాలుకకు ఇక్కడ కేటాయించిన స్థలం వాటి పరిమాణంతో పోలిస్తే చాలా ఎక్కువ.
- అనుమస్తిష్కం కదలిక కాలాన్ని, బలాన్ని సరిదిద్దుతుంది. మెదడులోని నాడీకణాలలో అధిక భాగం ఈ చిన్న భాగంలోనే ఉన్నాయి.
- మెదడు లోపలి బేసల్ గాంగ్లియా కదలికలను ప్రారంభించడానికి, అలవాటైన కదలికలను సాఫీగా సాగించడానికి తోడ్పడుతుంది. పార్కిన్సన్ వ్యాధిలో దెబ్బతినేది ఈ వ్యవస్థయే.
- వెన్నుపాము ఆదేశాలను చాలక నాడుల ద్వారా కండరాలకు చేరవేస్తుంది.

ఆదేశాలు పంపడం ఎంత ముఖ్యమో వార్తలు అందుకోవడం అంత ముఖ్యం. కన్ను, చెవి, చర్మం ఇచ్చే సమాచారంతో పాటు కండరాలలోని కదురు ఆకారపు గ్రాహకాలు, స్నాయువులలోని గ్రాహకాలు అవయవాల స్థితిని ఎప్పటికప్పుడు తెలియజేస్తాయి. కళ్ళు మూసుకొని కూడా వేలితో ముక్కును తాకగలగడానికి కారణం ఇదే. ఈ అంతర జ్ఞానానికి 20వ శతాబ్ది ఆరంభంలో పేరుపెట్టి వివరించిన శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్. ఆయనకు 1932లో నోబెల్ బహుమతి లభించింది. లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలు తల తిరిగే దిశను, వేగాన్ని తెలిపి సమతౌల్యానికి సహాయపడతాయి.

కంటికి కనిపించిన దానికి స్పందించడం మొదలుపెట్టడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. క్రికెట్‌లో గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బౌలింగ్ గీత నుండి బ్యాటింగ్ గీతకు గల 17.7 మీటర్ల దూరాన్ని దాదాపు అర సెకనులో దాటుతుంది. అంటే స్పందించడానికే దాదాపు సగం సమయం పోతుంది. కాబట్టి మంచి బ్యాట్స్‌మన్ బంతిని మాత్రమే చూడడు. బౌలర్ చేతి కదలిక నుండి బంతి రాకను ముందుగానే ఊహిస్తాడు. ఇది కంటి చూపు గొప్పతనం కాదు, అనుభవం ఇచ్చిన జ్ఞానం.

ఒకే పనిని శరీరం అనేక విధాలుగా చేయగలదు. సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్ (1896-1966) సుత్తితో కొట్టే అనుభవజ్ఞులైన పనివారి కదలికలను చిత్రీకరించి పరిశీలించాడు. సుత్తి ప్రతిసారీ అదే చోట పడుతున్నా, చేతి కీళ్ళు తిరిగిన తీరు మాత్రం ఏ రెండు దెబ్బలలోను ఒకేలా లేదు. ఒక కీలులో వచ్చిన తేడాను మరొక కీలు సర్దుకుంటున్నది. నైపుణ్యం అంటే ఒకే కదలికను అచ్చు గుద్దినట్లు తిరిగి చేయడం కాదని, ఒకే సమస్యను ప్రతిసారి కొత్తగా పరిష్కరించడమని దీని వలన తెలిసింది.

యాంత్రిక సూత్రాలు

సమతౌల్యం: శరీర గురుత్వ కేంద్రం నుండి గీసిన నిలువు రేఖ పాదాల మధ్య గల ఆధార ప్రదేశంలో పడినంతవరకు మనిషి పడిపోడు. కబడ్డీ ఆటగాడు కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి నిలబడటం వలన ఆధారం వెడల్పవుతుంది, గురుత్వ కేంద్రం క్రిందికి దిగుతుంది.

తులాదండం: ముంజేయి ఒక తులాదండం వంటిది. దానిని పైకి లేపే కండరం మోచేతి కీలుకు కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే అతుక్కొని ఉంటుంది. అందువలన అరచేతిలోని బరువును నిలపడానికి కండరం ఆ బరువుకు అనేక రెట్ల బలాన్ని ఉపయోగించాలి. దీనికి ప్రతిఫలంగా వేగం లభిస్తుంది. కండరం కొంచెం కుంచించుకున్నా చేయి చాలా దూరం కదులుతుంది.

దూకి దిగడం: పై నుండి దూకినప్పుడు మోకాళ్ళు వంచితే శరీరం ఆగడానికి పట్టే సమయం పెరుగుతుంది, కీళ్ళపై పడే బలం తగ్గుతుంది. పిల్లలకు ఎత్తు నుండి దూకడం కంటే ముందు దిగడం నేర్పాలనడానికి కారణం ఇదే.

శైశవంలో చలన వికాసం

శిశువులో చలన వికాసం స్థూలంగా రెండు దిశలలో సాగుతుంది. మొదటిది తల నుండి పాదాల వైపు. మెడ నిలపడం, కూర్చోవడం, నిలబడటం అనే వరుస దీనికి నిదర్శనం. రెండవది శరీర మధ్యభాగం నుండి చివరలకు. భుజం అదుపులోకి వచ్చిన తరువాతే వేళ్ళు అదుపులోకి వస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా ఐదు దేశాల శిశువులను పరిశీలించి, 2006లో ఆరు ముఖ్యమైన మెట్లకు వయఃపరిమితులను ప్రకటించింది.

- ఆధారం లేకుండా కూర్చోవడం: 3.8 - 9.2 నెలలు
- పట్టుకొని నిలబడటం: 4.8 - 11.4 నెలలు
- చేతులు, మోకాళ్ళపై పాకడం: 5.2 - 13.5 నెలలు
- పట్టుకొని నడవడం: 5.9 - 13.7 నెలలు
- స్వయంగా నిలబడటం: 6.9 - 16.9 నెలలు
- స్వయంగా నడవడం: 8.2 - 17.6 నెలలు

ఆరోగ్యవంతులైన పిల్లల మధ్య కూడా ఎంత వ్యత్యాసం ఉంటుందో ఈ అంకెలు చెబుతున్నాయి. ఒకరు తొమ్మిదవ నెలలో, మరొకరు పదిహేడవ నెలలో నడక ప్రారంభించినా ఇద్దరూ సాధారణ పరిధిలో ఉన్నట్లే. కొందరు శిశువులు పాకే దశ లేకుండానే నడక నేర్చుకుంటారు. అయితే ఈ పరిమితి దాటిన తరువాత కూడా నడక రాకపోతే వైద్యుని సంప్రదించడం అవసరం.

తెలుగు ఇండ్లలో ఈ మెట్లను పిండివంటలతో పండుగ చేసుకొనే ఆచారం ఉంది. శిశువు బోర్లా పడినప్పుడు బొబ్బట్లు, తొలి అడుగులు వేసినప్పుడు అరిసెలు పంచుతారు.

మౌలిక చలన నైపుణ్యాలు

సుమారు రెండు నుండి ఏడేండ్ల మధ్య పునాది పడవలసిన నైపుణ్యాలను మౌలిక చలన నైపుణ్యాలు అంటారు. ఇవి మూడు విధాలు.

1. స్థాన చలన నైపుణ్యాలు: పరుగు, గెంతడం, కుంటడం, దాటడం, ఎక్కడం, ప్రక్కకు జరుగుతూ పరుగెత్తడం.
2. స్థిర నైపుణ్యాలు: ఒంటికాలిపై నిలవడం, వంగడం, మెలి తిరగడం, దొర్లడం.
3. వస్తు నియంత్రణ నైపుణ్యాలు: విసరడం, పట్టుకోవడం, తన్నడం, కర్రతో కొట్టడం, బంతిని నేలకు కొడుతూ ఆడించడం.

చేతిని భుజంపై నుండి తిప్పి బంతిని విసరడం దీనికి ఉపయుక్తమైన ఉదాహరణ. తొలి దశలో పిల్లవాడు లక్ష్యానికి ఎదురుగా నిలబడి, పాదాలు కదపకుండా, మోచేతిని మాత్రం చాచి విసురుతాడు. తరువాతి దశలో అడుగు వేస్తాడు, కాని విసిరే చేయి వైపు పాదాన్నే ముందుకు వేస్తాడు. పరిణత దశలో ప్రక్కకు తిరిగి నిలబడి, కుడిచేతి వాటమైతే ఎడమ పాదం ముందుకు వేస్తాడు. మొదట నడుము, తరువాత మొండెం, భుజం, మోచేయి, చివరకు మణికట్టు ఒకదాని వెంట ఒకటి తిరిగి, వేగం మెట్టుమెట్టుకు పెరుగుతుంది.

వయసు పెరిగినంత మాత్రాన పరిణత దశ రాదు. అవకాశం, బోధన లభించనివారు పెద్దయిన తరువాత కూడా తొలి దశలలోనే ఉండిపోతారు. బాలికలు విసిరే తీరును ఎగతాళి చేయడం పలుచోట్ల కనిపిస్తుంది. కుడిచేతి వాటం గల బాలుని ఎడమచేతితో విసరమంటే అతనిలో కూడా ఆ తొలి దశ లక్షణాలే బయటపడతాయి. ఈ విషయంలో సాధనకు ఎంత పాత్ర ఉన్నదో తరగతిలోనే నిరూపించి చూపవచ్చును.

నేర్చుకొనే దశలు

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఫిట్స్, మైఖేల్ పోస్నర్ 1967లో నైపుణ్య సముపార్జనను మూడు దశలుగా వివరించారు.

ఆలోచనా దశ: ఏమి చేయాలో అర్థం చేసుకొనే దశ. తప్పులు ఎక్కువ, ప్రతి కదలికకూ ఆలోచన కావాలి. సైకిలు నేర్చుకొనేవాడు ఎవరైనా పలకరిస్తే పడిపోయేది ఈ దశలోనే.

అనుసంధాన దశ: తప్పులు తగ్గుతాయి. తన తప్పును తానే గుర్తించగలుగుతాడు. ఈ దశ నెలలు, కొన్ని విషయాలలో సంవత్సరాలు సాగవచ్చును.

స్వయంచాలక దశ: కదలికపై ప్రత్యేక ధ్యాస అవసరం ఉండదు. సైకిలు తొక్కుతూ మాట్లాడగలడు, దారిలోని గుంటలను గమనించగలడు.

ఈ విధంగా స్థిరపడిన నైపుణ్యం సాధారణ జ్ఞాపకానికి భిన్నమైన మార్గంలో నిలువ ఉంటుంది. 1953లో మూర్ఛవ్యాధికి జరిగిన శస్త్రచికిత్సలో మెదడులోని హిప్పోకాంపస్ భాగాలను పోగొట్టుకున్న హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ కొత్త విషయాలేవీ గుర్తుంచుకోలేకపోయేవాడు. కెనడా శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతనికి అద్దంలో చూస్తూ నక్షత్రపు బొమ్మను దిద్దే పని ఇచ్చింది. మూడు రోజులలో అతని తప్పులు బాగా తగ్గాయి. కాని ఆ పని అంతకుముందు చేసిన సంగతి అతనికి ఏమాత్రం గుర్తులేదు. మనస్సు మరచినా చేతికి వచ్చిన విద్య నిలిచి ఉండగలదని ఈ పరిశీలన రుజువు చేసింది.

సాధన సూత్రాలు

- వైవిధ్యం: 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేండ్ల పిల్లల చేత చిన్న సంచులను గురి చూసి వేయించారు. ఒక జట్టు 3 అడుగుల దూరం నుండి మాత్రమే సాధన చేసింది. రెండవ జట్టు 2, 4 అడుగుల దూరాల నుండి సాధన చేసింది. చివరకు 3 అడుగుల నుండి పరీక్షించగా, ఆ దూరాన్ని అసలు సాధన చేయని రెండవ జట్టే మెరుగ్గా వేసింది.
- విరామం: ఒకే రోజు మూడు గంటలు చేయడం కంటే రోజుకు అరగంట చొప్పున ఆరు రోజులు చేయడం సాధారణంగా మేలు. నేర్చుకున్నది స్థిరపడటానికి నిద్ర కూడా తోడ్పడుతుంది.
- దృష్టి: మోచేయి ఎలా ఉన్నదని కాక, బంతి ఎక్కడ పడాలని ఆలోచించేవారు ఎక్కువ సందర్భాలలో మెరుగ్గా చేస్తారు. జట్టు గోడ మీద గీసిన వృత్తాన్ని చూడమనడం కండరాల వివరణ కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది.
- ఫలిత సమాచారం: తప్పును ఒక్కొక్కటిగా, క్లుప్తంగా చెప్పాలి. ప్రతి ప్రయత్నానికీ చెబుతూ పోతే విద్యార్థి సొంతంగా గమనించడం మానేస్తాడు.
- క్రమవృద్ధి: పెద్ద బంతి నుండి చిన్న బంతికి, దగ్గర నుండి దూరానికి, నిలిచి ఉన్న వస్తువు నుండి కదిలే వస్తువుకు వెళ్ళాలి.

తెలుగువారి ఆటలలో చలన నైపుణ్యాలు

తెలుగు ప్రాంతాలలో పిల్లలు తరతరాలుగా ఆడుకుంటున్న ఆటలను పరిశీలిస్తే మౌలిక నైపుణ్యాలన్నీ వాటిలో కనిపిస్తాయి.

- తొక్కుడుబిళ్ళ: ఒంటికాలిపై కుంటడం, సమతౌల్యం, బిళ్ళను గురిగా వేయడం.
- ఏడు పెంకులాట: గురి చూసి విసరడం, బంతిని తప్పించుకోవడం, పెంకులను త్వరగా పేర్చడం.
- కర్రాబిళ్ళ: గాలిలోకి లేచిన వస్తువును కొట్టడం. దీనిని బిళ్ళంగోడు, చిర్రగోనె అని కూడా అంటారు.
- కోతికొమ్మచ్చి: చెట్టు ఎక్కడం, వ్రేలాడటం, దూకడం. చేతి పట్టుకు, భుజబలానికి ఇది మంచి సాధన.
- ఒప్పులకుప్ప: గిర్రున తిరగడం వలన లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థకు శిక్షణ.
- అచ్చనగాయలు, గోళీలు: చేతికి, కంటికి సమన్వయం, వేళ్ళ నేర్పు.
- చెమ్మచెక్క: లయ, ఎదుటివారితో కదలికను కలపడం.
- చెడుగుడు: ఊపిరి నిలపడం, దిశ మార్చడం, పట్టు విడిపించుకోవడం. ఈ ఆటకు ఆధునిక రూపమైన కబడ్డీ 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో పతకాల పోటీగా ప్రవేశించింది.

వీటికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. వివిధ వయసుల పిల్లలు కలిసి ఆడటం వలన చిన్నవారు పెద్దవారిని చూసి నేర్చుకుంటారు. దూరం, వేగం, నేల ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక పైన చెప్పిన వైవిధ్య సూత్రం తనంతట తానే అమలవుతుంది.

వ్యాయామ విద్య చరిత్ర

ఐరోపాలో పాఠశాల వ్యాయామానికి శాస్త్రీయ రూపం ఇచ్చినవారిలో జర్మనీకి చెందిన గుట్స్‌మూత్స్ ముఖ్యుడు. ఇతడు యువకుల వ్యాయామంపై వ్రాసిన గ్రంథం 1793లో వెలువడింది. స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ శిక్షణ సంస్థను స్థాపించాడు.

భారతదేశంలో దండీలు, బస్కీలు, కుస్తీ, యోగాసనాలు ప్రాచీన కాలం నుండి ఉన్నాయి. తెలుగు నాట సాముగరిడీలు, తాలింఖానాలు ప్రసిద్ధి చెందాయి. మల్లయోధునిగా దేశవిదేశాలలో ఖ్యాతి పొందిన కోడి రామ్మూర్తి నాయుడు కొంతకాలం విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేశాడు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. 1957లో గ్వాలియరులో లక్ష్మీబాయి వ్యాయామ కళాశాల ఏర్పడింది.

యునెస్కో 1978లో వ్యాయామ విద్యను, క్రీడలను ప్రతి ఒక్కరి ప్రాథమిక హక్కుగా ప్రకటించే అంతర్జాతీయ పత్రాన్ని ఆమోదించి, 2015లో దానిని సవరించింది. 1993లో మార్గరెట్ వైట్‌హెడ్ శారీరక అక్షరాస్యత అనే భావనను ముందుకు తెచ్చింది. చదవడం, వ్రాయడం వచ్చినట్లే ఆత్మవిశ్వాసంతో కదలగలగడం, జీవితాంతం కదలాలనే కోరిక కలిగి ఉండటం విద్యావంతుని లక్షణమని దీని సారాంశం.

పాఠశాలలలో పరిస్థితి

5 నుండి 17 ఏండ్ల వయసువారికి రోజుకు సగటున కనీసం 60 నిమిషాల పాటు ఒక మోస్తరు నుండి తీవ్ర స్థాయి శారీరక శ్రమ ఉండాలని, వారంలో కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలం ఇచ్చే శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 2016 నాటి సమాచారాన్ని విశ్లేషించి 2019లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 146 దేశాలలో 11 - 17 ఏండ్ల వారిలో 81 శాతం మంది ఈ మోతాదును అందుకోవడం లేదు. బాలికలలో ఇది 85 శాతం, బాలురలో 78 శాతం.

భారతదేశంలో 2009 నాటి విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని అనుబంధం ప్రతి పాఠశాలకు ఆటస్థలం ఉండాలని, 6 నుండి 8 తరగతులలో వందకు మించి విద్యార్థులున్నచోట ఆరోగ్య, వ్యాయామ విద్యకు బోధకుడు ఉండాలని నిర్దేశించింది. అయినప్పటికీ ఆటస్థలం లేని భవనాలలో నడుస్తున్న పాఠశాలలు ఉన్నాయి. ఆటల పీరియడును పరీక్షలకు ముందు ఇతర పాఠ్యాంశాలకు కేటాయించడం, అల్లరి చేసినవారికి ఆటలు నిలిపివేయడాన్ని శిక్షగా వాడటం సర్వసాధారణం. లెక్కలు రాని విద్యార్థిని లెక్కల తరగతి నుండి బయటకు పంపరు. పరుగు రాని విద్యార్థిని మాత్రం స్కోరు వ్రాయమని ప్రక్కన కూర్చోబెట్టడం జరుగుతుంటుంది.

దీని ఫలితం బాల్యంతో ఆగదు. కదలడం సరిగా రాని పిల్లలు ఆటలకు దూరమవుతారు. దూరమైనకొద్దీ సాధన తగ్గుతుంది. సాధన తగ్గినకొద్దీ తమకు రాదనే నమ్మకం బలపడుతుంది. అమెరికాలో స్టాడెన్, ఇతర పరిశోధకులు 2008లో ఈ చక్రాన్ని ఒక నమూనాగా ప్రతిపాదించారు. ఐదారేండ్ల వయసులో కొద్దిపాటిగా ఉండే తేడా పదిహేనేండ్లకు పెద్ద అగాధం కాగలదు. బాల్యంలోనే ఈ చక్రాన్ని మంచివైపు తిప్పడం ప్రాథమిక పాఠశాల వ్యాయామ విద్య ముఖ్య కర్తవ్యం. డ్రిల్లు మాస్టారు లేని ప్రాథమిక పాఠశాలలలో ఈ బాధ్యత తరగతి ఉపాధ్యాయునిదే అవుతుంది.

చలన సమన్వయ లోపం

బుద్ధిబలం, కండరబలం సాధారణంగానే ఉన్నా కొందరు పిల్లలకు చొక్కా గుండీలు పెట్టుకోవడం, చెప్పుల పట్టీలు బిగించుకోవడం, బంతి పట్టుకోవడం, వరుసలో వ్రాయడం ఎంతో కష్టమవుతుంది. దీనిని వికాసాత్మక సమన్వయ లోపం అంటారు. బడి వయసు పిల్లలలో సుమారు 5 - 6 శాతం మందిలో ఇది ఉన్నదని అంచనా. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు ఉండవచ్చును. ఇటువంటి పిల్లలను సోమరులని, మొద్దులని నిందించడం వలన మేలు జరగదు. పనిని చిన్న భాగాలుగా విడదీసి నేర్పడం, వ్రాయడానికి ఎక్కువ సమయం ఇవ్వడం, జట్ల ఎంపికలో చివర మిగిలిపోయే అవమానం కలగకుండా ఉపాధ్యాయుడే జట్లు వేయడం ఉపకరిస్తాయి. అవసరమైతే వైద్యుని, వృత్తి చికిత్సకుని సలహా తీసుకోవాలి.

అపోహలు, వాస్తవాలు

- కండరాలకు జ్ఞాపకశక్తి ఉంటుందని అంటారు. నేర్చుకున్న నైపుణ్యం నిలువ ఉండేది నాడీ వ్యవస్థలో, కండరంలో కాదు.
- ఆటలు చదువుకు అడ్డమని భావిస్తారు. వ్యాయామ విద్యకు తగిన సమయం కేటాయించడం వలన సాధారణంగా పరీక్షా ఫలితాలు దెబ్బతినవని పరిశోధనలు చెబుతున్నాయి.
- పెద్దవయసులో కొత్త నైపుణ్యాలు రావని అనుకుంటారు. నేర్చుకొనే వేగం తగ్గుతుందే కాని శక్తి పోదు. వృద్ధులలో సమతౌల్య సాధన పడిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తుంది.
- ఎడమచేతి వాటం దోషమని కొందరు బలవంతంగా మాన్పిస్తారు. అది సహజమైన భేదమే. దానిని మార్చవలసిన అవసరం లేదు.
- త్వరగా ఒకే క్రీడలో చేర్పిస్తే మంచి క్రీడాకారులవుతారని భావిస్తారు. చాలా క్రీడలలో బాల్యంలో పలు ఆటలు ఆడి, తరువాత ఒకదానిని ఎంచుకోవడమే మేలు. ఒకే కదలికను అతిగా చేయడం వలన ఎదిగే ఎముకలకు, కీళ్ళకు గాయాలయ్యే అవకాశం పెరుగుతుంది.